బళ్ళారి రాఘవ: న్యాయవిద్యకు రెండు దారులు

బళ్ళారి రాఘవ పేరు విననివారు రాయలసీమలో అరుదు. పేరులో బళ్ళారి ఉన్నను, ఆయన జన్మించినది మన తాడిపత్రిలో. పెన్న ఒడ్డున, బుగ్గ రామలింగేశ్వరుని గుడియు, చింతల వేంకటరమణుని గుడియు గల ఆ ఊరిలో 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రి రాఘవాచార్యులు పుట్టిరి. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. అప్పటికి అనంతపురము జిల్లా యనునదే లేదు. 1882లో బళ్ళారి జిల్లాను చీల్చి అనంతపురము జిల్లాను ఏర్పరచిరి. కావున తాడిపత్రివారికి ఆ దినములలో జిల్లా కచేరి అన్నను, పెద్ద కోర్టు అన్నను, పెద్ద చదువు అన్నను బళ్ళారియే. రాఘవ బళ్ళారివాడగుటలో వింత యేమియు లేదు.

ఆయన పుట్టుటకు రెండేండ్ల ముందు వరకు ఈ మెరక సీమ ధాత కరువులో మాడినది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరువులో మదరాసు రాజధాని జిల్లాలన్నిటిలో మిక్కిలి నలిగినవానిలో బళ్ళారి జిల్లా ఒకటి. గంజికేంద్రములు, కరువుపనులు, పాడుపడిన పల్లెలు: ఇవి ఆనాటి పెద్దల నోట చాలకాలము నిలిచిన మాటలు. అట్టి నేలపై ఒక పిల్లవానిని ఎన్నియేండ్లు చదివింపవలయును, ఎప్పుడు సంపాదనకు పంపవలయును అనుట ప్రతి గృహస్థునకు పెద్ద ప్రశ్నయే. వానలు నమ్మరాని చోట చదువునకు పట్టు ప్రతి సంవత్సరమును లెక్కకు వచ్చును.

రాఘవ నటనను గూర్చి ఎందరో వ్రాసిరి. ఆయన న్యాయవాది యన్న సంగతిని మాత్రము ఒక్క వాక్యములో చెప్పి దాటిపోవుట పరిపాటి. ఇది సరికాదు. ఆయన అన్నము న్యాయవాద వృత్తిలోనిది. నాటకము ఆడి డబ్బు సంపాదించి బ్రదికినవారు కారు. వృత్తి గట్టిది కాబట్టియే కళను అమ్ముకొనవలసిన అగత్యము ఆయనకు కలుగలేదు. ఆ వృత్తికి ఆయన యే దారిన వచ్చిరో, ఆయన మేనమామ అంతకు ముందు యే దారిన వచ్చిరో చూచినచో, నేడు ఇంటరు ముగించిన బిడ్డలున్న ఇండ్లలో జరుగు తర్జనభర్జనకు నూరేండ్లకు పైబడిన మూలము కనబడును.

ఆ మేనమామ ఆంధ్రనాటక పితామహులని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు. 1853లో మన ధర్మవరమునందు పుట్టి, బళ్ళారిలో స్థిరపడినవారు. మెట్రిక్యులేషను, ఆపైన ఎఫ్.ఏ. వరకు చదివిరి. ఎఫ్.ఏ. అనగా నేటి ఇంటరుతో ఇంచుమించు సమానము. అంతటితో కళాశాల చదువు నిలిచినది. తరువాత న్యాయశాస్త్రమును సొంతముగా చదివి, ప్లీడరు పరీక్షలో కృతార్థులై, బళ్ళారిలో న్యాయవాదిగా కుదురుకొనిరి. చిత్రనళీయము మొదలుకొని ముప్పది వరకు నాటకములు వ్రాసి, సరసవినోదినీ సభను నెలకొల్పి, తామే వేషములు వేసి ఆడించిరి. ఆయన విషాద సారంగధరము తెలుగున మొదటి విషాదాంత నాటకముగా పేరుపొందినది. ఇంత చేసిన మనుష్యునకు బి.ఏ. లేదు, బి.ఎల్. లేదు.

ఆనాటి ఏర్పాటు కొంచెము వివరముగా చెప్పుట అవసరము. ఏలననగా అది ఇప్పటివారికి తెలియదు. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము, 1862లో మదరాసు హైకోర్టు ఏర్పడినవి. హైకోర్టులో వాదింపగోరిన వకీలునకు బి.ఎల్. పట్టము కావలయును. ఆ పట్టమునకు ముందు బి.ఏ. ప్యాసై తీరవలయును. లెక్క వేయుడు: మెట్రిక్యులేషను పిమ్మట ఎఫ్.ఏ.కు రెండేండ్లు, బి.ఏ.కు మరి రెండేండ్లు, బి.ఎల్.కు మరి రెండేండ్లు. ఆపైన పెద్ద వకీలు దగ్గర కొంతకాలము పని నేర్వవలయును. పరీక్ష ఎక్కడను తప్పకపోయినను పదునారేండ్లవాడు ఇరువదిమూడేండ్లవాడగును. అందును పట్టభద్రుల చదువు, న్యాయవిద్య చాలమందికి మదరాసులోనే. ఇంటి నుండి మనియార్డరు పోవుచునే యుండవలయును.

రెండవది ప్లీడరు దారి. ప్లీడర్లలో మొదటి తరగతి, రెండవ తరగతి అని భేదముండెడిది. పట్టము అక్కరలేదు. తక్కువ చదువుతోనే పరీక్షకు కూర్చొనవచ్చును. ఉద్యోగము చేసికొనుచు, రాత్రి దీపము పెట్టుకొని చదువవచ్చును. అట్లు నెగ్గినవారు హైకోర్టులో వాదింపజాలరు. జిల్లాలలోని కోర్టులే వారి రంగము. రెండవ తరగతివారికి ఆ రంగము మరింత ఇరుకు. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టము ఈ ప్లీడర్ల వ్యవస్థకు ఒక క్రమమును కల్పించినది.

సొంతముగా న్యాయశాస్త్రము చదువుట సాధ్యమైనదనుటకు ఒక కారణము కలదు. సరిగా ఆ దశాబ్దములలోనే చట్టములు పుస్తకరూపమునకు వచ్చినవి. శిక్షాస్మృతి 1860లో, సాక్ష్యపు చట్టము, ఒడంబడికల చట్టము 1872లో వెలువడినవి. అంతకుముందు న్యాయము తీర్పులలోను, పండితుల వ్యవస్థలలోను చెదరియుండెను. చట్టము సెక్షనులుగా అచ్చయిన తరువాత, ఇంగ్లీషు వచ్చి, జ్ఞాపకశక్తి గలవాడు గురువు లేకయే చాలవరకు నేర్వగలిగెను. ఆ శిక్షాస్మృతి 2024 జూలై 1 వరకు దేశములో అమలులో నుండెననిన దాని గట్టితనము తెలియును. బళ్ళారి వంటి ఊళ్ళలోని గుమాస్తాలకు, బడిపంతుళ్ళకు ఈ పుస్తకములే కళాశాల.

ప్లీడరు దారి చిన్నది గనుక దానిలో నడచినవారు చిన్నవారని ఎంచరాదు. మన జిల్లాలోనే గుత్తి కేశవపిళ్ళె ఉండిరి. గుత్తిలో ప్లీడరుగా నుండుచు, ఈ ప్రాంతపు రైతుల కష్టములను పత్రికలకెక్కించుచు, 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభకు ప్రతినిధిగా వెళ్ళిరి. 1922లో బ్రిటిష్ గయానాలోని భారతీయ కూలీల స్థితిగతులు విచారించుటకు పంపబడిన ప్రతినిధివర్గమునకు నాయకత్వము వహించిరి. గుత్తి కోర్టు నుండి దక్షిణ అమెరికా తీరము వరకు చేర్చిన దారిని ఇరుకు సందు అనుట న్యాయము కాదు.

రాఘవ పెరిగినది ఈ వాతావరణమున. బళ్ళారిలో చదువు; మేనమామ ఇంట నాటకముల సందడి. ఊరిలో మరియొక నాటకసమాజము కూడ ఉండెను. అది కొలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ. ఆయనయు న్యాయవాదియే. బళ్ళారిలో నాటకమునకును నల్లకోటునకును ఆ కాలమున ఏదో చుట్టరికముండెను కాబోలు! పగలు కోర్టు, రాత్రి రంగస్థలము. రెండు సమాజములకును నడుమ గట్టి పోటీ. చిన్ననాడే రాఘవ తోడి బాలురతో షేక్స్పియరు క్లబ్బు నొకదానిని పెట్టి ఇంగ్లీషు నాటకములాడిరి. మెట్రిక్యులేషను బళ్ళారిలోనే ముగిసినది. 1897లో, పదునేడవ యేట, కృష్ణమ్మగారితో వివాహమైనది.

ఇచ్చట ఆగి చూడవలయును. పెండ్లియైన యువకుడు. ఇంటిలో మేనమామ దృష్టాంతము కండ్లయెదుట నున్నది. ఎఫ్.ఏ.తో నిలిచి, ప్లీడరు పరీక్ష ప్యాసై, బళ్ళారిలోనే గౌరవముగా బ్రదుకవచ్చునని ఆయన చూపియే యుండిరి. ఆ దారిని నడిచినచో ఇరువది, ఇరువదియొకటవ యేటికే సంపాదన మొదలగును, మదరాసు ఖర్చు తప్పును, నాటకసమాజము విడువనక్కరలేదు. అయినను రాఘవ మదరాసు రైలెక్కిరి. ఆ రైలుదారి గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కడపల మీదుగా పోవును. పుట్టిన ఊరి స్టేషనును దాటియే ఆయన ప్రతిసారి కళాశాలకు వెళ్ళవలసియుండెను.

మదరాసులో ఆయన చేరినది క్రిస్టియన్ కళాశాల. ఇప్పుడది తాంబరములో నున్నది గాని, 1937 వరకు జార్జిటౌనులో, హైకోర్టు ఎదుట నుండెడిది. ప్రిన్సిపాలు డాక్టరు విలియం మిల్లరు. ఈ మిల్లరు దొర షేక్స్పియరు నాటకములను విద్యార్థులకు బోధించుటలో ప్రసిద్ధులు. 1900 మొదలు 1902 వరకు గల కాలమున లియరు, మాక్బెత్, ఒథెల్లో, హామ్లెట్ నాటకములను గూర్చి వరుసగా పుస్తకములు ప్రకటించిరి. రాఘవ అచ్చట చదివినది ఇంచుమించు ఆ సంవత్సరములలోనే. బళ్ళారిలో పిల్లల క్లబ్బులో ఆడిన నాటకములు, ఇచ్చట మనుష్యస్వభావమును విప్పి చూపు గ్రంథములుగా బోధింపబడుచుండెను. తరువాతి కాలమున రాఘవ ఒథెల్లోగాను, షైలాకుగాను నిలిచినప్పుడు ప్రేక్షకులు చూచినది కేవలము గొంతు, వేషము కాదు, ఒక ఆలోచన. ఆ ఆలోచనకు ఎరువు పట్టభద్రుల చదువునాటి రెండేండ్లలో పడినదనుట అతిశయోక్తి కాజాలదు.

ప్లీడరు దారిలో ఈ రెండేండ్లు లేవు. సుదీర్ఘమార్గమునకును సంక్షిప్తమార్గమునకును అసలు భేదమిది. హైకోర్టు గుమ్మము ఒక్కటే కాదు. న్యాయశాస్త్రము పట్టుటకు ముందు మరియొక శాస్త్రముతో, మరియొక సాహిత్యముతో సావకాశముగా గడపు కాలము. కరువుసీమ గృహస్థునకు ఆ కాలము విలాసముగా తోచును. అతని దృష్టియు తప్పు కాదు. ఒక బి.ఏ. విద్యార్థికి మదరాసులో అగు ఖర్చు పల్లెలో నొక సంసారమునకు చాలును. రాఘవకు ఆ రెండేండ్లు దొరకుటకు మేనమామ తరము ఎఫ్.ఏ.తో నిలిచిపోయి, వృత్తిని, పేరును, పుస్తకములను ఇంటికి తెచ్చి పెట్టియుండుట ఎంతమాత్రము కారణము కాదనజాలము. ఒక తరము చిన్నదారిని నడచినచో తరువాతి తరమునకు పెద్దదారి తెరచుకొనుట మన పల్లెలలో నేటికిని చూచుచున్న సంగతియే.

బి.ఏ. పిమ్మట లా కళాశాల. 1891లో ప్రత్యేక సంస్థగా ఏర్పడి, హైకోర్టు ఆవరణలో 1899లో పూర్తియైన ఎఱ్ఱని భవనములో అది నడచుచుండెను. క్రిస్టియన్ కళాశాల నుండి అచ్చటికి వీథి దాటినచో చాలును. ఆ వీథి దాటుటకు ముందు పట్టా చేత నుండవలయునన్నదే నియమము. 1905లో రాఘవ న్యాయశాస్త్ర పట్టము పొందిరి. అప్పటికాయనకు ఇరువదియైదేండ్లు. పైన వేసిన లెక్కకంటె ఒకటి రెండు సంవత్సరములు హెచ్చే పట్టినది.

పట్టము చేతబట్టిన యువకునకు హైకోర్టు వకీలు కాగల అర్హత కలిగెను. చాలమంది అట్టివారు మదరాసులోనే నిలిచిపోయిరి. రాఘవ తిరిగి బళ్ళారి చేరిరి. 1905 మొదలు 1912లో రామకృష్ణమాచార్యులు గతించువరకు ఆ ఊరిలో మామా అల్లుండ్రు ఇరువురును న్యాయవాదులే. ఎఫ్.ఏ. చదివి పరీక్ష ప్యాసైన పెద్దాయన ఒకరు, బి.ఏ., బి.ఎల్. ఒకరు. కక్షిదారునకు ఈ భేదము కనబడదు. గట్టు తగవు పడినవాడు, నోటు బాకీపై దావా వేసినవాడు, బావి నీటి వంతు కొరకు కొట్లాడి క్రిమినలు కేసులో చిక్కినవాడు తన వకీలునకు ఎన్ని పట్టములున్నవని అడుగడు. తనమాట జడ్జికి తెలియజెప్పగలడా లేదా యని చూచును. భేదము కేసు అప్పీలునకు మదరాసు పోయిన నాడు తెలియును.

రాఘవ క్రిమినలు కేసులలో పేరు సంపాదించిరి. ప్రభుత్వము ఆయనను పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమించినది. ఆ కోర్టుల పని ఇంగ్లీషులో. సాక్షుల మాటలు తెలుగు, కన్నడము, ఉర్దూలలో. పల్లెవాని సాక్ష్యములో నిజమెచ్చట వంగినదో, భయమెచ్చట మాటను మింగినదో కనిపెట్టుట ఆ వృత్తిలో దినదినము చేయవలసిన పని. రంగస్థలముపై ఆయన సాధించిన సహజ నటనకు, బిగ్గరగా రాగము తీయక ముఖముతోను, మౌనముతోను భావము పలికించిన ఆ పద్ధతికి, కోర్టుహాలు ఒక పాఠశాలయై యుండవలయును. పద్యమును గంటసేపు సాగదీసి ఒన్సుమోరులతో తృప్తిపడు నాటకమును మార్పవలెనని ఆయన పట్టుబట్టిన సంగతి జగద్విదితము. పద్యములు, పాటలు దట్టించిన నాటకమే మేనమామ కాలపు ఫణితి. అల్లుడు ఆ ఫణితితో తగవుపడినను మేనమామను తక్కువచేసినవారు కారు.

కొలాచలము వారి రామరాజు చరిత్రలో ఆయన వేసిన పఠాను వేషము మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. హరిశ్చంద్రుడు, చాణక్యుడు, దుర్యోధనుడు మొదలగు పాత్రలు వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగు, కన్నడము, హిందీ, ఇంగ్లీషు భాషలలో నటించిరి. 1927లో గాంధీ మహాత్ముడు బెంగుళూరు ప్రాంతమున ఆరోగ్యము కొరకు ఉండగా రాఘవ బృందము హిందీలో దీనబంధు నాటకమును ఆయన యెదుట ప్రదర్శించి మెప్పు పొందినది. తరువాత ఇంగ్లాండు మున్నగు దేశములు తిరిగి అచ్చటి నాటకశాలలు చూచి వచ్చిరి. ప్రదర్శనముల రాబడి చాలవరకు సత్కార్యములకే పోయెడిది. పబ్లిక్ ప్రాసిక్యూటరు నాటకములాడుట యేమని ముక్కున వ్రేలు వేసికొన్నవారును ఆ కాలమున ఉండకపోరు. ఆయన లక్ష్యపెట్టలేదు.

స్త్రీల పాత్రలు స్త్రీలే ధరింపవలెనని ఆయన పట్టుబట్టుట మరింత సాహసము. ఆ దినములలో మంచి ఇంటి ఆడుబిడ్డ రంగస్థలమెక్కుట ఊహకందని మాట. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని మొదలగు విద్యావతులు ఆయన ప్రోత్సాహమున నటించిరి. రాజమన్నారుగారు వ్రాసిన తప్పెవరిది నాటకమును కూడ ఆయన రంగమున నిలబెట్టిరి. ఆ నాటకకర్తయు మదరాసు న్యాయవాదియే. 1948లో మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియై 1961 వరకు ఆ పదవిలో నుండిరి. న్యాయవాది వ్రాయగా న్యాయవాది నటించిన నాటకములో, సంసారమున జరిగిన పొరపాటునకు తప్పు ఎవరిదన్నదే ప్రశ్న.

ప్లీడరు పరీక్షల దారి క్రమముగా మూసుకొని పోయినది. 1926లో బారు కౌన్సిళ్ళ చట్టము వచ్చినది. స్వాతంత్ర్యము పిమ్మట 1961 నాటి అడ్వకేట్ల చట్టము వకీలు, ప్లీడరు, ముక్తారు అను భేదములను తీసివేసి, అడ్వకేటు అను ఒకే తరగతిని నిలిపినది. అది మొదలు న్యాయశాస్త్ర పట్టము లేక క్రొత్తగా ఎవ్వరును ఆ వృత్తిలో ప్రవేశింపజాలరు. అనగా మేనమామ దారి పోయి అల్లుని దారి మాత్రము మిగిలినది: ముందు ఏదో యొక డిగ్రీ, తరువాత న్యాయవిద్య.

కాని చిన్నదారి మరియొక రూపమున తిరిగి వచ్చినది. 1980వ దశకమున అయిదేండ్ల న్యాయవిద్యను బారు కౌన్సిలు ప్రవేశపెట్టెను. మనకు పొరుగున నున్న బెంగుళూరులో నేషనల్ లా స్కూలు 1988లో తరగతులు ప్రారంభించి దానికి వన్నె తెచ్చెను. 1998లో హైదరాబాదున నల్సారు, 2008లో విశాఖపట్టణమున దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము వచ్చినవి. నేడు మన రాష్ట్రములో లాసెట్ పరీక్ష రెండు విధములుగా జరుగును. ఇంటరు ప్యాసైనవారికి అయిదేండ్ల కోర్సు. డిగ్రీ ప్యాసైనవారికి మూడేండ్ల కోర్సు. రెండింటి చివర చేతికి వచ్చు అర్హత ఒక్కటియే. బారు కౌన్సిలులో నమోదునకు గాని, అఖిల భారత బారు పరీక్షకు గాని, కోర్టులో నిలబడుటకు గాని అయిదేండ్లవాడని యెక్కువ లేదు, మూడేండ్లవాడని తక్కువ లేదు.

కాలములో భేదము ఒక్క సంవత్సరమే. ఇంటరు మీద అయిదు ఒకవైపు. డిగ్రీ మూడు, లా మూడు, మొత్తమారు మరియొకవైపు. రామకృష్ణమాచార్యుల నాటికిని రాఘవ నాటికిని నడుమనున్నంత దూరము ఈ రెండింటి నడుమ లేదు. కాబట్టి ఏడాది మిగులునను ఒక్క ఆశతో పదునేడేండ్ల పిల్లను, పిల్లవానిని అయిదేండ్ల కోర్సులో చేర్చుట తొందరపాటు. న్యాయవృత్తియే కావలెనని గట్టిగా తెలిసిన బిడ్డకు అది మంచిదారి. ఇంకను తేలని బిడ్డకు, ముఖ్యముగా వేరుసెనగ పంటను నమ్ముకొని ఫీజులు కట్టు ఇంటికి, మూడేండ్ల దారిలో ఒక మేలున్నది: నడుమ మజిలీ కలదు. రెండు వరుస కరువులు వచ్చినచో డిగ్రీతో ఆగి, ఏదైన ఉద్యోగమున చేరి, చేతిలో కాసు ఆడిన పిమ్మట లా చదువవచ్చును. అయిదేండ్ల కోర్సును మూడవయేట విడిచినవానికి రెండు పట్టములలో ఒకటియు దక్కకపోవు ప్రమాదమున్నది.

ఒక విషయము మాత్రము పల్లెలలో తరచుగా తెలియకపోవుచున్నది. మేనమామ వలె ఉద్యోగము చేసికొనుచు ఇంట చదివి వకీలగుట నేడు వీలుపడదు. దూరవిద్య ద్వారా పొందిన న్యాయశాస్త్ర పట్టమును బారు కౌన్సిలు నమోదునకు అంగీకరింపదు. తరగతులకు హాజరై తీరవలయును. పదియు, ఇంటరును చదువక సార్వత్రిక విశ్వవిద్యాలయములో నేరుగా డిగ్రీ పొందినవారికిని 2008 నాటి నియమముల ప్రకారము లా ప్రవేశమునకు అర్హత లేదు. ఇది ఫీజు కట్టిన తరువాత తెలిసికొనవలసిన సంగతి కాదు.

రాఘవ కడపటి దశలో చలనచిత్రములలోను కనబడిరి. 1936లో ద్రౌపదీ మానసంరక్షణములో దుర్యోధనుని పాత్ర ధరించిరి గాని ఆ చిత్రము నెగ్గలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డలో నటించిరి. జమీందారులు అభ్యంతరపెట్టగా ఆ చిత్రప్రదర్శన కొన్నిచోట్ల నిషేధింపబడినది. కాపువాని బాధను కోర్టులో జీవితమంతయు విన్న న్యాయవాది ఆ పాత్రలో కనబడుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని చూచినవారికి అట్లు తోచియుండదు. 1940లో చండిక వచ్చినది. చిత్రములపై ఆయనకు రంగస్థలముపై నున్నంత మక్కువ ఏర్పడలేదు.

1946 ఏప్రిల్ 16వ తేదీన ఆయన కాలధర్మము చెందిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఇంకను ఏడాదికి పైగా ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి పట్టణము మైసూరు రాష్ట్రమునకు పోయినది. ఆ జిల్లాలోని రాయదుర్గము తాలూకా మన అనంతపురములో కలిసినది. ఆదోని, ఆలూరులు కర్నూలులో చేరినవి. ఇటీవల 2022లో రామకృష్ణమాచార్యుల ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోగా, రాఘవ పుట్టిన తాడిపత్రి అనంతపురము జిల్లాలోనే నిలిచినది. 1981లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా తపాలాబిళ్ళను విడుదల చేసినది. బళ్ళారిలో ఆయన పేర రాఘవ కళామందిరము కలదు. అచ్చట ఆయన పేరు తెలుగువారికెంత సొంతమో కన్నడిగులకును అంతే సొంతము.